డాబా మీది గదికి లోపలి మెట్లు: గుండ్రటివి పెట్టి నేను పడ్డ పాట్లు

హన్మకొండలో 150 గజాల ఇల్లు, డాబా మీద ఒక గది, దానికి ఇప్పుడు బయటి నుంచే మెట్లున్నాయి అన్నారు. హాల్లోంచి గుండ్రటి ఇనుప మెట్లు పెట్టుకుంటే చోటు కలిసొస్తుందా, నాలుగైదేళ్ళలో అమ్మాల్సి వస్తే ధర మీద దెబ్బ పడుతుందా అన్నది మీ ప్రశ్న. ఇదే పని నేను కాజీపేటలోని మా పాత ఇంట్లో చేశాను. ఆ ఇల్లు 2022లో అమ్మాను కూడా. అందుకే రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను.

పడుతుంది. నాకు పడింది.

"నాలుగున్నర అడుగుల చోటియ్యండి సార్, వారంలో నిలబెడతా" అన్నాడు వెల్డింగ్ అతను. అన్నట్టే నిలబెట్టాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది, వచ్చిన చుట్టాలంతా మెచ్చుకున్నారు. పది రోజులకు బీరువా పైకెక్కించే పని పడింది. మొదటి మలుపులోనే ఇరుక్కుంది. నలుగురు కూలీలను పిలిచి, పిట్టగోడ మీద పాత పరుపు వేసి, బయటి నుంచి మోకులతో లాగించాం. మంచాన్ని విప్పి ముక్కలుగా మోసుకెళ్ళాం. మా బాపుకు మోకాళ్ళ నొప్పులు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆయన పైకి వెళ్ళింది రెండే సార్లు. ఎక్కడం కంటే దిగడమే కష్టం అనేవాడు. ఆ మెట్టు లోపలి వైపు సన్నబడిపోతుంది కదా, దిగేటప్పుడు సగం పాదం గాల్లోనే ఉంటుంది. గుండ్రటి మెట్లకు కనీసం 150 సెంటీమీటర్ల వ్యాసం, అంటే దాదాపు 5 అడుగులు ఉండాలని కట్టడాల ప్రమాణాలు చెప్పే నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ఇక అమ్మకం సంగతి. చూడ్డానికి వచ్చిన వాళ్ళు కింద అంతా బాగుందనేవాళ్ళు. మెట్ల దగ్గరకు రాగానే మొహం మారేది. ఒకావిడ కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని సగం దాకా ఎక్కి, అక్కడి నుంచే తిరిగి దిగిపోయింది. ఇంకొకాయన "పైన ఉన్నది గదేం గాదు, స్టోర్ రూమే" అని తేల్చేశాడు. నేను గదికి ధర కట్టాను, వాళ్ళు ఖాళీ డాబాకు కట్టారు. చివరికి కొన్నాయన "ఇవి పీకి మళ్ళీ కాంక్రీటువి పోయించుకోవాలె గదా" అని లక్షన్నర తగ్గించమన్నాడు, తగ్గించాను. ఆయన అన్నంత పనీ చేశాడు, మొదటి నెలలోనే అవి పాత ఇనుము కొట్టుకు వెళ్ళాయి.

అలాగని గుండ్రటి మెట్లు పనికిరావని కాదు. ట్యాంకు కడగడానికో, వడియాలు ఎండబెట్టడానికో డాబా ఎక్కే వాళ్ళకు బయటి వైపు అవి చాలు. మే నెల మధ్యాహ్నం మాత్రం వట్టికాళ్ళతో ఎక్కకండి.

ఇప్పుడుంటున్న ఇంట్లో కాంక్రీటు మెట్లే పోయించాను. లెక్క ఇలా వచ్చింది. కింది ఫ్లోరింగ్ నుంచి పై ఫ్లోరింగ్ దాకా పదిన్నర అడుగులు, అంటే 126 ఇంచులు. ఒక్కో మెట్టు ఎత్తు 7 ఇంచులు వేస్తే 18 ఎత్తులు. పాదం ఆనే వెడల్పు 10 ఇంచులు. కోడ్ ప్రకారం ఇళ్ళలో ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదు, వెడల్పు 250కి తగ్గకూడదు. రెండూ సరిపోయాయి. మధ్యలో చదును (ల్యాండింగ్) పెట్టి వెనక్కి తిప్పితే మొత్తం ఆరున్నర అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు పట్టింది. తిప్పకుండా ఒకే వరుసలో వేస్తే 3 అడుగుల వెడల్పు చాలు గానీ 14 అడుగుల పొడవు కావాలి. పైగా తల తగలకుండా ఉండాలంటే స్లాబ్‌ను కూడా దాదాపు 11 అడుగుల పొడవున తెరవాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. స్లాబ్ తక్కువ కోస్తే ఖర్చు తగ్గుతుందనుకుంటారు, తర్వాత జీవితాంతం వంగి ఎక్కుతారు.

వాస్తు గురించి నవ్వుకోవద్దు. మీకు నమ్మకం లేకపోయినా కొనడానికి వచ్చేవాడు సిద్ధాంతిని వెంటబెట్టుకొస్తాడు. ఈశాన్యంలో మెట్లు కనిపిస్తే ఆయన గేటు దగ్గరే ఆగిపోతాడు. నైరుతి, దక్షిణం, పడమరల్లో పెట్టి, కుడివైపు తిరుగుతూ ఎక్కేలా చూసుకుంటే పేచీ ఉండదు. మెట్లు బేసి సంఖ్యలోనే ఉండాలన్న గొడవ మా ఇంట్లోనూ వచ్చింది. ఇంజనీరు 18 అంటాడు, మా మామయ్య 17 అంటాడు. ఎత్తులు 18, కాలు పెట్టే మెట్లు చదునుతో కలిపి 17 అని లెక్కపెట్టి చూపించాక ఇద్దరూ చల్లబడ్డారు.

స్లాబ్ కోసే పని సుతారి మేస్త్రి మాట మీద మాత్రం చేయకండి. స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఫీజు ఇచ్చి, రాడ్లు ఎటు పోయాయో చూపించి, కోసిన అంచుల కింద ఏ సపోర్టు కావాలో రాయించుకోండి. బీమ్ జోలికి అస్సలు పోవద్దు. మెట్ల మీదికి కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ వేయించాను. బాగా నునుపు తేలింది, తడికాలు పెడితే జారుతుంది. అంచున రెండు గీతలు కోయించడం మర్చిపోకండి.

బయటి మెట్లు కూల్చేస్తే హాలు పెద్దదవుతుందని కూడా రాశారు. వద్దు. కాకతీయ యూనివర్సిటీ, ఎన్ఐటీ ఉన్న ఊరు మనది. కొనేవాడు ముందు చూసేది పైన కిరాయికి ఇవ్వొచ్చా అని. లోపలి మెట్ల పైన ఒక తలుపు పెట్టి తాళం వేసుకునే వీలుంచితే పై భాగం ఎప్పుడంటే అప్పుడు విడిగా ఇవ్వొచ్చు. ఆ తలుపు వల్ల ఏసీ చల్లదనం నిలుస్తుంది, ఎండాకాలం పై వేడి కిందికి రాదు. డాబా వైపు మాత్రం గ్రిల్ ఉండాల్సిందే. మన దగ్గర కోతుల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఒకరోజు గడియ మర్చిపోతే వంటింట్లో అరటిపళ్ళు, అల్లం, ఆఖరికి టూత్‌పేస్టు కూడా మాయం.

లోపలి మెట్లకు నా లెక్కలో ఇంకో విలువ ఉంది. 2023 జూలై వరదకు నయీంనగర్ నాలా దగ్గర మా చెల్లెలి వాళ్ళింట్లోకి నీళ్ళొచ్చాయి. బియ్యం బస్తా, పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుని ఇంట్లోంచే పైకి వెళ్ళగలిగారు, వీధిలోకి దిగాల్సిన పని పడలేదు. 2020 ఆగస్టులో కూడా మునిగిన ప్రాంతం అది. మీ ఇల్లు నాలాకు దగ్గరైతే దీన్ని కూడా లెక్కలో వేసుకోండి.

ఇంకొక్కటి. మెట్ల కంటే ముందు, ఆ పై గది మీ మున్సిపల్ ప్లానులో ఉందో లేదో చూసుకోండి. మా పాత ఇంటికి కొన్నాయన తరఫున ఇంటి విలువ కట్టే బ్యాంకు వాల్యుయర్ వచ్చినప్పుడు ప్లాను కాగితం తెరిచి, అందులో లేని పై గదిని లెక్కలోకే తీసుకోలేదు.

మీ హాలు పొడవు వెడల్పులు, స్లాబ్ ఎత్తు ఇంచుల్లో, బీమ్‌లు ఎక్కడున్నాయో, ఇల్లు ఏ ముఖమో ఇక్కడ రాయండి. ఎక్కడ పడతాయో కాగితం మీద గీసి చూసి చెబుతాను.