ఎమర్జెన్సీ ఎఫ్‌డీ తీసి ఐస్‌లాండ్ వెళ్లొద్దు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. నాకూ మా ఆవిడకూ కలిపి నెలకు చేతికొచ్చేది 1.58 లక్షలు. ఇంటి లోన్ ఈఎంఐ 38 వేలు, ఇంటి ఖర్చు 55 వేలు. కారు లోన్ పోయిన నెలే తీరింది కాబట్టి సిప్‌లు, అమ్మానాన్నలకు పంపేది పోను ఇకపై నెలకు 40 వేలు మిగులుతుంది. ఫిబ్రవరిలో ఇద్దరం ఐస్‌లాండ్ వెళ్లి ఆరు రోజులు కారులో తిరగాలని ప్లాన్. ఖర్చు 5.6 లక్షలు. ఎమర్జెన్సీకని ఉంచిన ఎఫ్‌డీ 2.6 లక్షలు తీసేసి, మిగతా 3 లక్షలకు రెండేళ్ల పర్సనల్ లోన్ (14 శాతం) తీసుకుందామనుకుంటున్నా. లోన్ మంచిదా, క్రెడిట్ కార్డు ఈఎంఐ మంచిదా? ఖర్చు తగ్గించడానికి కారుకు బేసిక్ ఇన్సూరెన్స్, నాన్ రిఫండబుల్ హోటళ్లు చూశాను. ఈ చలికాలం దాటితే మళ్లీ 11 ఏళ్ల దాకా అరోరా (రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు) సరిగ్గా కనిపించదంటున్నారు, అందుకే తొందర.

జవాబు: రెండూ వద్దండీ. ఏ అప్పు మంచిదని అడిగారు గానీ, మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది లోన్ కంటే ముందు ఆ ఎఫ్‌డీ. ఈమధ్య నాకు వచ్చే ఉత్తరాల్లో చాలావాటిలో ఇదే కథ. ఎమర్జెన్సీ ఫండ్ అని పేరు పెట్టి దాచిన డబ్బును, టికెట్ రేట్లు చూసిన రోజు రాత్రి ట్రిప్ డబ్బు కింద లెక్కేసేస్తారు.

మీ లెక్కే చూద్దాం. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి 93 వేలు. ఎమర్జెన్సీ ఫండ్‌లో ఆరు నెలల ఖర్చు ఉండాలి, అది 5.58 లక్షలు. అంటే మీరు ట్రిప్‌కి అనుకున్న డబ్బంత మీ దగ్గర కదిలించకుండా ఉండాలి. ఉన్నది అందులో సగం కూడా కాదు, దాన్నీ తీసేస్తానంటున్నారు. పైగా 3 లక్షల లోన్‌కి నెలకు దాదాపు 14,400 చొప్పున రెండేళ్లు కట్టాలి, వడ్డీయే 45 వేలు దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఫిబ్రవరిలో తిరిగొచ్చాక మార్చిలో మీ ఇద్దరిలో ఒకరి ఉద్యోగానికి ఏదైనా అయితే ఇంటి ఈఎంఐ, ఈ ఈఎంఐ రెండూ ఒక్క జీతం మీద పడతాయి, తీసి కట్టడానికి ఎఫ్‌డీ ఉండదు. ఐటీలో ఉన్నారు, ఉద్యోగాలు ఎలా పోతున్నాయో మీకు నేను చెప్పాలా?

ఇక మీరు ఎంచుకున్న చోటు సంగతి. చేతిలో అదనంగా డబ్బు లేకుండా చలికాలంలో ఐస్‌లాండ్‌లో కారు తోలడం మాత్రం అస్సలు చేయకూడని పని. ప్లాన్ తప్పడం అక్కడ మామూలు విషయం. రేక్యావిక్ నుంచి యోకుల్సార్లోన్ హిమానీనద సరస్సు దాకా దాదాపు 370 కిలోమీటర్లు, దారంతా దేశాన్ని చుట్టివచ్చే రూట్ 1 హైవే, మంచి వాతావరణంలో ఐదు గంటలు. ఫిబ్రవరి మొదట్లో పగలు ఉండేదే ఏడు గంటలు. గాలి, మంచు ఎక్కువైతే ఆ రోడ్డునే మూసేస్తారు, మరీ ముఖ్యంగా దక్షిణ తీరంలోని వీక్ అనే ఊరు దాటాక వచ్చే ఇసుక మైదానాల మీద. వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇస్తుంది. నారింజ వచ్చిందంటే మీరు ఎక్కడున్నారో అక్కడే ఆ రాత్రి గది కోసం వెతుక్కోవాలి, ముందు ఊళ్లో బుక్ చేసిన నాన్ రిఫండబుల్ గది డబ్బులు గోడకు కొట్టిన సున్నమే. అక్కడ ఒక రాత్రికి మీరు వేసుకున్న రేటు 18 వేలు. రెండు రాత్రులు ఇరుక్కుంటే, తిరుగు ఫ్లైట్ తప్పితే ఎంతవుతుందో లెక్కేయండి. అదంతా ఏ డబ్బుతో కడతారు? ఎఫ్‌డీ లేదు, లోన్ డబ్బు ఖర్చయిపోయింది, మిగిలేది కార్డే.

రెండేళ్ల కిందట మా క్లయింట్ ఒకాయనకు ఇదే జరిగింది. రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక బీచ్ దగ్గర కారు ఆపి భార్య కూర్చున్న వైపు తలుపు తీశారు. గాలి ఎంత జోరుగా ఉందంటే తలుపు చేతిలోంచి లాక్కున్నట్టు ముందుకు మడిచిపెట్టింది, కీలు వంగిపోయి మళ్లీ మూతపడలేదు. సీటు బెల్టును హ్యాండిల్‌కి చుట్టి, ఆయన భార్య రెండు చేతులతో తలుపు పట్టుకుని కూర్చుంటే, పది కిలోమీటర్ల పైన వీక్ ఊరికి చలిలో వణుకుతూ చేరారు. గాలికి తలుపు విరిగితే మామూలు ఇన్సూరెన్సులో రాదని అద్దె కంపెనీ వాళ్లు అప్పుడు చెప్పారు, నిజానికి కాగితంలో ముందే రాసి ఉంది. బిల్లు లక్షా ముప్పై వేల దాకా కార్డు మీద పడింది. ఎమర్జెన్సీ ఫండ్ ఆయనా ట్రిప్‌కే వాడేశారు కాబట్టి కట్టలేక, నెలకు మూడున్నర శాతం వడ్డీ మీద మినిమమ్ డ్యూ కడుతూ పదకొండు నెలలు లాగారు. నా దగ్గరికి వచ్చింది అప్పుడే. ఆ స్టేట్‌మెంట్లు తీసి బల్ల మీద పెడుతుంటే ఆవిడ ఏమీ మాట్లాడలేదు.

కాబట్టి ఎప్పుడు వెళ్లినా బేసిక్ ఇన్సూరెన్స్‌తో కారు తీసుకోవద్దు. బేసిక్‌లో నష్టం మొదటి భాగం, అంటే ఎక్సెస్, మీదే, అది లక్షల్లో ఉండొచ్చు. ఆ ఎక్సెస్ తగ్గించే కవర్, దక్షిణ తీరం వెళ్తున్నారు కాబట్టి గాలికి కొట్టుకొచ్చే ఇసుక, బూడిద వల్ల కారుకు జరిగే నష్టానికి కవర్ తీసుకోండి, గాలికి తలుపు పోతే ఎవరు కట్టాలో సంతకం పెట్టే ముందే అడగండి. కారును గాలికి ఎదురుగా ఆపి, తలుపు చేత్తో పట్టుకునే తీయండి. ఐస్‌లాండ్ వెళ్లడానికి కావాల్సిన శెంగెన్ వీసాకు 30,000 యూరోల ట్రావెల్ పాలసీ ఎలాగూ తీసుకోవాలి, కానీ అది వైద్యానికి, కారు ఎక్సెస్ దాంట్లో రాదు. ఈ రెండిటినీ కలిపేసుకుని ఇన్సూరెన్స్ ఉందిలే అనుకునేవాళ్లు చాలామంది.

అరోరా గురించి తొందర అనవసరం. అరోరాకు కారణమైన సూర్యుడి చురుకుదనం 11 ఏళ్లకోసారి గరిష్ఠానికి వెళ్తుంది, 2024 అక్టోబర్‌లో ఆ దశలో ఉన్నామని ప్రకటించారు, అది నిజమే. ఆ గరిష్ఠం వల్ల మామూలుగా కనిపించని దూరపు ప్రాంతాల్లో కూడా కనిపిస్తుంది. ఐస్‌లాండ్ మాత్రం అరోరా వచ్చే వలయం కిందే ఉంది, సూర్యుడు నెమ్మదించిన ఏళ్లలో కూడా అక్కడ కనిపిస్తూనే ఉంటుంది, అడ్డొచ్చేది ఎక్కువగా మబ్బులే. మబ్బుకి మీ లోన్ సంగతి తెలియదు, ఆరు రాత్రులూ కమ్ముకుంటే అంతే.

నెలకు 40 వేలు మిగులుతుందన్నారు, అది మీ అదృష్టం. మొదటి ఎనిమిది నెలలు అదంతా ఎమర్జెన్సీ ఫండ్‌లోకే వేయండి, 5.6 లక్షలు దాటుతుంది. ఆ తర్వాత 14 నెలలు ట్రిప్ కోసం విడిగా దాచండి, ఇంకో బ్యాంకులో ఆర్‌డీ అయితే చేయి పడదు. ఈ చలికాలంతో కలిపి మూడో చలికాలానికి అప్పు లేకుండా వెళ్లొచ్చు. అంత ఆగలేమంటే, బోనస్ కూడా ఇందులో వేసి, ఇంకో జంటతో కారు, వంటగది ఉన్న గెస్ట్‌హౌస్ పంచుకుంటే రెండో చలికాలం చివర మార్చిలో అవుతుంది. అప్పటికి పగలు 12 గంటలకు వస్తుంది, ఐస్ గుహలు ఇంకా తెరిచే ఉంటాయి, అరోరా ఏప్రిల్ మొదటి వారాల దాకా ఉంటుంది. నిజానికి కొత్తగా మంచులో కారు నడిపేవాళ్లకు ఫిబ్రవరి కంటే మార్చే మంచిదని నా అభిప్రాయం. ఏదైనా సరే ట్రిప్ బడ్జెట్ పైన ఇంకో 15 శాతం పక్కన ఉంచండి. కార్డు ఈఎంఐ గురించి చెప్పడానికి ఏమీ లేదు, అదీ అప్పే. ప్యాకేజీలో వెళ్తే కోసే టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటవుతుంది, దాని గురించి టెన్షన్ పడకండి.

ఇంకో సంగతి, ఉత్తరం చివర మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, నాన్నగారికి 62, షుగర్ ఉంది, మీ కంపెనీ హెల్త్ పాలసీలో మీరిద్దరే ఉన్నారు అని. రేపు ఆయన్ని హాస్పిటల్లో చేర్చాల్సి వస్తే మీరు ముందు తీసేది ఆ ఎఫ్‌డీయే కదా. అమ్మానాన్నలకు హెల్త్ పాలసీ తీసుకోండి. ముందు నుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని కాలం, మూడేళ్ల దాకా ఉంటుంది, ఈ నెల తీసుకుంటే ఆ లెక్క ఈ నెల నుంచే మొదలవుతుంది, వచ్చే ఏడాది తీసుకుంటే వచ్చే ఏడాది నుంచి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు. ఫ్లైట్ టికెట్ల పేజీ మూసేసి ఈ వారంలోనే అమ్మానాన్నలకు ప్రపోజల్ ఫారం నింపండి, షుగర్ ఎన్నాళ్ల నుంచి ఉందో, ఏ మందులు వాడుతున్నారో ఏదీ దాచకుండా రాయండి.