ఐదో సర్టిఫికెట్ ఇప్పుడే వద్దు

ప్రశ్న: మేడమ్, డిగ్రీ అయ్యాక రెండేళ్లుగా ఒక ప్రీస్కూల్‌లో టీచర్‌గా చేస్తున్నాను. నా క్లాసులో మూడు, నాలుగేళ్ల పిల్లలుంటారు. ఇప్పటికి నాలుగు వర్క్‌షాపులకు వెళ్లి సర్టిఫికెట్లు తెచ్చుకున్నాను. వింటున్నప్పుడు అంతా అర్థమవుతుంది. సోమవారం క్లాసులో అడుగు పెట్టగానే మళ్లీ పాత పద్ధతే. ఇంకో ఆన్‌లైన్ కోర్సు చేయమంటారా? అసలు ఈ రంగంలో ఎదుగుదల ఉందా?

జవాబు: ఇంకో కోర్సు ప్రస్తుతానికి ఆపండమ్మా. మీరు నేర్చుకున్నది తక్కువేం కాదు. దాన్ని క్లాసులో పెట్టేటప్పుడు పక్కనుండి చూసి చెప్పేవాళ్లే మీకు లేరు. ఆ మనిషిని వెతుక్కోండి.

సోమవారం పాత పద్ధతిలోకి జారిపోవడం మీ ఒక్కరి సమస్య కాదు. టీచర్ల శిక్షణ మీద పనిచేసిన బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లలోనే ఈ మాట గట్టిగా చెప్పారు. ఉపన్యాసం విన్నా, డెమో చూసినా విషయం తెలుస్తుంది. అది రోజువారీ బోధనలోకి దిగాలంటే మాత్రం క్లాసులోనే సాధన, పక్కనుండి చూసి సరిదిద్దే కోచింగ్ ఉండాలి.

ఒక చిన్న సంగతి తీసుకుందాం. 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల్లో మాటలు రికార్డు చేసి విన్నారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లూ మాట్లాడారు. వర్క్‌షాపులో ఇది వింటే అందరం తలూపుతాం. కానీ ఒకడు ఏడుస్తూ, ఇంకొకడు రంగునీళ్లు ఒలకబోసి, మరొకరు కొంగు పట్టుకుని లాగుతున్నప్పుడు మూడు సెకన్లు ఆగడం ఎంత కష్టమో మీకు తెలుసు.

కోచ్ పనికొచ్చేది అక్కడే. పిల్లలు బ్లాకులతో ఆడుకునేటప్పుడు ఓ పావుగంట మూలన కూర్చుని, మీరు అడిగిన ప్రశ్నలు, ఆగిన సమయం రాసుకుంటారు. తర్వాత ఆ కాగితం మీ ముందు పెట్టి, "బాబు చెప్పబోయేలోపే జవాబు మీరే చెప్పేశారు, గమనించారా?" అని అడుగుతారు. ఇద్దరూ కలిసి ఒకే ఒక్క లక్ష్యం పెట్టుకుంటారు. రెండు మూడు వారాలు దాని మీదే పనిచేసి మళ్లీ చూస్తారు. ఇంత నెమ్మదిగా సాగుతుంది కాబట్టే అది చేతికి అలవాటవుతుంది.

ఒక్క జాగ్రత్త. మీ జీతం, ప్రమోషన్ తేల్చే మనిషే కోచ్ అయితే మీరు తప్పులు దాచుకుంటారు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఆ నోట్స్ ఎవరు చూస్తారో ముందే అడగండి. మీ స్కూల్లో కోచ్ లేకపోతే, నమ్మకమున్న సీనియర్ టీచర్‌తో మాట్లాడుకుని ఒకరి క్లాసులో ఒకరు కూర్చోండి. స్కూలు, తల్లిదండ్రులు ఒప్పుకుంటే పది నిమిషాలు వీడియో తీసుకుని మీరే చూసుకోవచ్చు. ఆ వీడియో మాత్రం బయటికి వెళ్లకూడదు.

తర్వాతెప్పుడైనా కోర్సులో చేరితే బ్రోషర్ పక్కన పెట్టి ఈ రెండు అడగండి: పిల్లల మధ్య ప్రాక్టీస్ ఎన్ని గంటలు? నేను బోధిస్తుంటే శిక్షకులు వచ్చి చూస్తారా? ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తొలి బడి తెరిచినప్పటి నుంచీ ఆవిడ పద్ధతికి పిల్లల్ని గమనించడమే పునాది. పిల్లల ముఖం చూడకుండా ముగిసే శిక్షణకు ఫీజు కట్టొద్దు. మీరు కోరుకునే ఉద్యోగానికి ఆ సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో కూడా ముందే కనుక్కోండి.

ఎదుగుదల గురించి అడిగారు. మొదట్లో జీతాలు చాలాచోట్ల తక్కువే, అది దాచి చెప్పలేను. అయితే ఈ రంగం ప్రీస్కూల్‌తో ఆగిపోదు. పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల వరకూ బాల్యారంభ దశే. ప్రాథమిక తరగతులు, కరిక్యులమ్ తయారీ, కోఆర్డినేటర్, శిక్షకురాలు, కోచ్, ఇన్ని దారులున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేయాలంటే మాత్రం వేరే అర్హత కావాలి. రెండేళ్లు మంచి కోచ్ దగ్గర పనిచేసిన టీచర్‌ని ఇంటర్వ్యూలో ఇట్టే గుర్తుపట్టొచ్చు. తన క్లాసు గురించి అడిగితే పిల్లల్ని ఒక్కొక్కరిగా కళ్లకు కట్టినట్టు చెబుతుంది.

ఈ వారంలోనే ఆ సీనియర్ టీచర్‌ని ఓ పావుగంట రమ్మని అడగండి. ఎవరో చూస్తున్నారంటే మొదటిరోజు గొంతు తడబడుతుంది, ఫరవాలేదు. మూడోసారికి పిల్లలు ఆవిడ చేతిలోనూ ఓ బ్లాకు పెట్టేస్తారు.