పదవి లేకుండా నలుగురిని నడిపించడం

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. విదేశంలో బిజినెస్ స్కూల్లో సీటు వచ్చిందన్న కబురు విన్నప్పటి నుంచి మనసు చాలా సంతోషంగా ఉంది. కోర్సు వివరాల్లో ఎక్కడ చూసినా లీడర్‌షిప్ అనే రాసి ఉందనీ, అది నిజంగా క్లాసులో వచ్చే విద్యేనా అనీ అడిగావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

క్లాసులో కొంత వస్తుంది. అసలైనది మాత్రం టీమ్ ప్రాజెక్టుల్లో వస్తుంది. నేను బయటి దేశంలో చదువుకున్నప్పుడు చూసిందీ, తర్వాత ఉద్యోగాల్లో కొత్తవాళ్లను తీసుకుంటూ గమనించిందీ ఇదే. ఆఫీసులో మేనేజర్ మాట వింటారంటే వెనక హోదా ఉంటుంది. క్లాస్‌మేట్స్ నీ మాట వినాల్సిన అవసరమేమీ లేదు. పైగా నువ్వు కొత్త, భాష కొత్త, వాళ్ల జోకులు కూడా కొత్త. అలాంటి చోట నలుగురిని కూడగట్టి పని పూర్తి చేయించగలిగితే, ఆ తర్వాత ఏ కుర్చీలో కూర్చున్నా కంగారుపడవు.

ముందుగా ఒక విషయంలో జాగ్రత్తపడాలి. టీమ్‌లు వేయగానే పని పంచుకుంటారు. గడగడా మాట్లాడేవాళ్లు ప్రజెంటేషన్ తీసుకుంటారు. లెక్కలు బాగా వచ్చని పేరున్న విదేశీ విద్యార్థి చేతికి ఎక్సెల్ షీట్ వస్తుంది. ఇందులో ఎవరి కుట్రా ఉండదు. నీకూ హాయిగానే ఉంటుంది, నోరు విప్పక్కర్లేదు కాబట్టి. కానీ రాత్రంతా కూర్చుని లెక్కలు కట్టేది నువ్వు, వాటి మీద ప్రొఫెసర్ అడిగే ప్రశ్నలకు నిలబడి జవాబిచ్చేది ఇంకొకరు. రెండేళ్లూ ఇలాగే గడిస్తే వచ్చిన పనే ఇంకాస్త బాగా వస్తుంది, రాని పని రాకుండానే ఉండిపోతుంది.

అందుకని మొదటి మీటింగ్‌లోనే ఒక మాట అను: "ఏ భాగం ఎవరు చేస్తే దాన్ని వాళ్లే ప్రజెంట్ చేద్దాం, ప్రశ్నలకు కూడా వాళ్లే జవాబిద్దాం." అప్పటికి ఎవరి వాటా ఏదో తేలదు కాబట్టి కాదనడానికి కారణం ఉండదు. ఇదే మాట మూడో వారంలో అంటే ఫిర్యాదులా వినిపిస్తుంది. ఆ మీటింగ్‌లోనే ఇంకో రెండు విషయాలు కూడా తేల్చుకోండి: మెసేజ్‌కి ఎంత సేపట్లో జవాబివ్వాలి, అభిప్రాయాలు కలవకపోతే నిర్ణయం ఎలా తీసుకోవాలి. మీటింగ్ అయ్యాక ఎవరు ఏ పని ఎప్పటిలోగా చేస్తారో నాలుగైదు లైన్లలో రాసి గ్రూపులో పెట్టే బాధ్యత నువ్వు తీసుకో. చూడ్డానికి గుమాస్తా పనిలా ఉంటుంది కానీ, టీమ్ ఏం ఒప్పుకుందో రాసేవాళ్ల మాటకు క్రమంగా బరువొస్తుంది. ఒక్కటే షరతు: రాస్తున్నాను కదా అని మాట్లాడటం మానేయకు.

కొన్ని వారాలకు టీమ్‌లో గొడవలు మొదలైతే టెన్షన్ పడకు. బ్రూస్ టక్‌మన్ అనే మనస్తత్వవేత్త 1965లోనే దీని గురించి రాశాడు. గుంపు మొదట మర్యాదగా ఉంటుందట, తర్వాత పోట్లాడుకుంటుందట, ఆపైన కట్టుబాట్లు ఏర్పరచుకుని, అప్పుడు గానీ పనిలో పడదట. మీ సిలబస్‌లో ఎలాగూ వస్తుంది. పరీక్ష కోసం చదివి వదిలేయకుండా మీ టీమ్ ఇప్పుడు ఏ దశలో ఉందో చూసుకో. మర్యాద దశలోనే ఆగిపోయిన టీమ్‌లు గొడవపడే టీమ్‌ల కన్నా నాసిరకం పని చేయడం నేను చాలాసార్లు చూశాను.

ఒక చిక్కు మాత్రం ఖాయంగా వస్తుంది. ఒకరు పని ఎగ్గొడతారు. మార్కెట్ విశ్లేషణ మంగళవారం ఇస్తానన్న మనిషి బుధవారం రాత్రయినా ఇవ్వడు, శుక్రవారం సమర్పించాలి. ఇక్కడ చాలామంది చేసేవి రెండే: నోరు మూసుకుని ఆ పని తామే చేసేయడం, లేదా గ్రూపులో అందరి ముందూ నిలదీయడం. నువ్వు ఈ రెండూ చేయకు. అతనికి విడిగా ఫోన్ చెయ్యి. "ఎందుకివ్వలేదు" అని మొదలుపెట్టకు, "ఇప్పుడు ఎక్కడి దాకా వచ్చింది?" అని అడుగు. మొదలే పెట్టలేదంటాడు. అప్పుడు, "రేపు సాయంత్రం ఆరింటికి ఇందులో ఏ భాగం కచ్చితంగా ఇవ్వగలవు?" అని అడుగు. పోటీ కంపెనీల పట్టిక ఒక్కటీ ఇవ్వగలనంటాడనుకో, సరేనను. మిగతాది ఎవరు చేస్తారో అతను లైన్లో ఉండగానే తేల్చు, ఫోన్ పెట్టేశాక అదే విషయం గ్రూపులో రెండు లైన్లు రాయి. అందులో నింద ఉండకూడదు, కొత్త పంపకం మాత్రమే ఉండాలి. ఇలా రెండోసారీ జరిగితే అప్పుడు తేదీలతో సహా ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లు. అది చాడీ కాదు. చాలా స్కూళ్లలో టీమ్ సభ్యులు ఒకరి పనికి ఒకరు మార్కులు వేసే పద్ధతి ఉన్నదే ఇందుకు.

ఆ ఫోన్ కాల్ గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఉద్యోగంలో నాయకత్వమంటే మూడొంతులు అలాంటి సంభాషణలే.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. నీ టీమ్‌లో తప్పు ఒప్పుకోవడానికి ఎవరూ భయపడకూడదు. హార్వర్డ్‌లో పనిచేసే ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ప్రొఫెసర్ ఆసుపత్రి బృందాల మీద పరిశోధన చేస్తే, మంచి పేరున్న బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్టు తేలింది. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, జరిగినవాటిని దాచకుండా చెప్పుకోవడం వల్లేనని ఆమె తర్వాత గ్రహించింది. అందుకే ఎవరైనా "నా లెక్క తప్పింది" అంటే ముందు థాంక్స్ చెప్పు, దిద్దుబాటు సంగతి తర్వాత.

ఇక క్లాసు సంగతి. కేసు పద్ధతిలో ప్రొఫెసర్ పాఠం చెప్పడు, ఒక కంపెనీ పరిస్థితి ముందు పెట్టి, నువ్వైతే ఏం చేస్తావని అడుగుతాడు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1920లలో మొదలుపెట్టిన ఈ పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతా ఉంది. హార్వర్డ్‌లో చాలా సబ్జెక్టుల్లో గ్రేడులో సగం దాకా క్లాసులో మాట్లాడినదానికే ఇస్తారు. మీ స్కూల్లో అంత ఉండకపోవచ్చు గానీ, మౌనంగా కూర్చుంటే మాత్రం ఎక్కడైనా నష్టమే. మొదటి పది నిమిషాల్లోనే ఏదో ఒకటి మాట్లాడు. ఆలస్యమయ్యే కొద్దీ చెయ్యెత్తడం కష్టమవుతుంది, నీ పాయింటు ఇంకొకరు చెప్పేస్తారు. ముందు రాత్రే కేసులోని అంకెలతో ఒక లెక్క కట్టి పెట్టుకో, ధర 5 శాతం తగ్గిస్తే లాభం ఎంత పడిపోతుంది లాంటిది. అందరూ అభిప్రాయాలు చెప్పే చోట ఒక లెక్క చెబితే వింటారు.

నీ యాస గురించి బెంగ పెట్టుకున్నావని మీ అమ్మ చెప్పింది. యాసతో ఇబ్బంది లేదమ్మా. మనం నేపథ్యమంతా చెప్పి చివర్లో అసలు విషయానికి వస్తాం, అక్కడే చిక్కు. ముందు నిర్ణయం చెప్పు, తర్వాత కారణాలు చెప్పు. వాక్యాలు చిన్నగా ఉండాలి. దీనికి టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు మంచి చోటు, నలుగురి ముందు మాట్లాడటం సాధన చేసేవి అవి. 1924లో మొదలైన సంస్థ అది, చాలా దేశాల్లో శాఖలున్నాయి. అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద రెండు నిమిషాల లోపు మాట్లాడించే కార్యక్రమం ఒకటుంటుంది. కేసు క్లాసుకు అంతకు మించిన కసరత్తు నాకు తెలియదు.

మీ స్కూల్లోని విద్యార్థి క్లబ్బుల్లో ప్రెసిడెంట్ పదవి కోసం తొందరపడకు. కోశాధికారి పనో, ఒక కార్యక్రమం మొత్తం నడిపే పనో తీసుకో. డబ్బు లెక్క చెప్పాల్సి రావడం, ఆఖరి నిమిషంలో వక్త రానంటే ఇంకొకరిని వెతకడం, ఇవీ నేర్పేవి. మన భాష మాట్లాడే స్నేహితులు మనసుకి బలం, వాళ్లను వదులుకోమని అనను. ప్రాజెక్టు టీమ్ ఎంచుకునే వీలున్నప్పుడు మాత్రం కనీసం ఒక్కసారైనా నీకు తెలియని దేశాలవాళ్లతో కలువు.

ఉత్సాహంలో వ్యాపారం మొదలుపెట్టేస్తామని కొందరు బయల్దేరుతారు. ఇది వీసాతో ముడిపడిన విషయం. బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధికి అనుమతి లేదు. అమెరికా విద్యార్థి వీసా ఎఫ్-1 మీద క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ ఉద్యోగమైనా వారానికి 20 గంటలు మించకూడదు. డబ్బు చేతులు మారే ఏ పనికైనా ముందు విదేశీ విద్యార్థుల ఆఫీసులో అడిగి, జవాబు ఈమెయిల్లో తీసుకో.

ప్రాజెక్టు ముగిసిన ప్రతిసారీ టీమ్‌ను అరగంట కూర్చోబెట్టు. అమెరికా సైన్యంలో ఒక పద్ధతి ఉంది, నాలుగే ప్రశ్నలు: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, ఈసారి ఏం మారుస్తాం. జవాబులు ఒక నోట్‌బుక్‌లో రాసుకో. ఇంటర్వ్యూలో "ఒక టీమ్‌ను ఎలా నడిపారో చెప్పండి" అన్నప్పుడు పరిస్థితి, నీ బాధ్యత, నువ్వు చేసిన పని, వచ్చిన ఫలితం వరసగా చెప్పాలి. ఆ నోట్‌బుక్ లేకపోతే "మేము చేశాం, మేము చేశాం" అనే వస్తుంది నోటికి, నువ్వేం చేశావో వాళ్లకు తెలియదు.

టీమ్‌లు వేశాక మొదటి మీటింగ్ ఎప్పుడో మెసేజ్ పెట్టు. అంతకు ముందు రోజు ఫోన్లో ఒకసారి కూర్చుందాం, నువ్వు అనబోయే మాటలు నాకు అని వినిపిద్దువు గాని.

ప్రేమతో,
పెద్దమ్మ