గుండె దడ సంగతి ఇంట్లో చెప్పలేదు.. పరుగు మాన్పిస్తారని!

ప్రశ్న: నా వయసు 68. మా అన్నయ్య 46 ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు. అప్పుడు నాకు 41. ఆ ఏడాదే పరుగు మొదలుపెట్టాను. మరుసటి ఏడు మొదటి మారథాన్‌. ఇప్పటికి 31 పూర్తి చేశాను. ఒకప్పుడు 3 గంటల 48 నిమిషాల్లో ముగించాను. పోయినసారి 5 గంటల 41 నిమిషాలు పట్టింది. ఇంకో మూడు నెలల్లో 32వది ఉంది. పేరు నమోదు చేసుకున్నానని తెలిసినప్పటి నుంచి మా ఆవిడ ముభావంగా ఉంటోంది. అమ్మాయి ఫోన్‌ చేసి మరీ కోప్పడుతోంది. కెనడా పరుగువీరుడు ఎడ్‌ విట్‌లాక్‌ 73 ఏళ్ళకి మూడు గంటల లోపు మారథాన్‌ పరిగెత్తాడని చెప్పినా వినిపించుకోరు. నాకు చెడు అలవాట్లు లేవు. ఒంటిని అశ్రద్ధ చేసేవాణ్ణీ కాను. పిక్క పట్టేసినా ఆ వారమే ఫిజియోథెరపిస్ట్‌ దగ్గరికి వెళ్తాను. తెల్లవారుజామున ఎవరి నిద్రా చెడగొట్టకుండా చప్పుడు కాకుండా గడియ తీసుకుని వెళ్తాను. పరుగు లేకపోతే నేను లేను. వీళ్ళని ఎలా ఒప్పించాలి? అన్నట్టు, ఈ మధ్య శిక్షణలో భాగంగా చేసే రెండు లాంగ్‌ రన్‌లలో (దూరపు పరుగుల్లో) 25 కిలోమీటర్లు దాటాక ఛాతీలో పిట్ట రెక్కలు కొట్టుకున్నట్టు అనిపించింది. కాసేపు కూర్చుంటే తగ్గింది. ఇంట్లో చెబితే పరుగు మాన్పిస్తారని చెప్పలేదు.

జవాబు: మీ ఉత్తరం చాలా పెద్దది, ముఖ్యమైన భాగమే పైన ఇచ్చాను. అందులో 31 మారథాన్ల గురించి పేజీలకు పేజీలు ఉంది. ఛాతీలో దడ గురించి చివర్లో మూడు ముక్కలు, అవీ ‘అన్నట్టు’ అని. నేను మాత్రం అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

కార్డియాలజిస్ట్‌ చూసేదాకా పరుగు ఆపండి. ఈ ఆదివారం లాంగ్‌ రన్‌ కూడా వద్దు. ఈలోగా దడతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం, స్పృహ తప్పినట్టు అనిపించడం.. వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్‌ కోసం చూడకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళండి. నేను గుండె డాక్టర్ని కాను, మీకు వచ్చింది ఫలానా అని చెప్పలేను. మీరు కూడా చెప్పలేరు. కూర్చుంటే తగ్గింది కాబట్టి ఏమీ కాదని మీకు మీరే తేల్చేసుకున్నారు. ఆ తీర్పు ఇచ్చే హక్కు మీకు లేదు.

దశాబ్దాల తరబడి దూరపు పరుగులు చేసినవాళ్ళలో ఏట్రియల్‌ ఫిబ్రిలేషన్‌ అనే లయ తప్పడం కొంత ఎక్కువగా కనిపిస్తుందని వైద్యులు గుర్తించారు. గుండె పై గదులు క్రమం లేకుండా అదిరినట్టు కొట్టుకుంటాయి. పట్టించుకోకపోతే అక్కడ రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకి చేరి పక్షవాతం రావచ్చు. సకాలంలో కనుక్కుంటే వైద్యం ఉంది, ఆ తర్వాత డాక్టర్‌ చెప్పిన మేరకు మళ్ళీ పరిగెడుతున్నవాళ్ళూ ఉన్నారు. మీది అది కాకపోవచ్చు. ఏ ప్రమాదమూ లేని చిన్న తడబాటు కావచ్చు. రక్తనాళాల్లో అడ్డంకి కూడా కావచ్చు. పరీక్ష చేయిస్తే గానీ తెలియదు.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. పడుకోబెట్టి తీసిన ఒక్క ఈసీజీ మామూలుగా ఉందని సంబరపడి వచ్చేయకండి. ఆ నిమిషంలో లయ బాగుంటే ఈసీజీలో ఆ తడబాటు కనబడకపోవచ్చు. మీకు వచ్చేది 25 కిలోమీటర్లు దాటాక. కాబట్టి అంతా విడమరిచి చెప్పండి. ఎన్నో కిలోమీటరు దగ్గర మొదలైంది, ఎంతసేపు ఉంది, కళ్ళు తిరిగాయా, నాడి వేగం మాత్రమే పెరిగిందా లేక క్రమం తప్పిందా. మీ వాచీలో ఆ రెండు రోజుల గ్రాఫ్‌ ఉంటే చూపించండి. ఎకో (గుండె స్కాన్‌), ట్రెడ్‌మిల్‌ టెస్ట్‌, ఒకటి రెండు రోజులు ఒంటికి తగిలించుకుంటే గుండె లయను నమోదు చేసే హోల్టర్‌.. ఏవి అవసరమో వాళ్ళు నిర్ణయిస్తారు. అన్నిటికన్నా ముందు అన్నయ్యగారి సంగతి, ఆయన పోయిన వయసుతో సహా చెప్పండి.

ఇక మీ మనసు సంగతి. పిక్క పట్టేస్తే వారం తిరక్కుండా ఫిజియోథెరపిస్ట్‌ దగ్గరికి వెళ్ళే మనిషి, గుండె రెండుసార్లు లయ తప్పితే ఎందుకు ఊరుకున్నారు? ఇంట్లో మాన్పిస్తారని, అంటున్నారు. అది కొంతవరకు నిజమే అయ్యుండొచ్చు. కానీ మీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివితే నాకు ఇంకోటి కనబడింది. మీరు పరుగు మొదలుపెట్టింది మెడల్‌ కోసం కాదు, టైమింగ్‌ కోసం కాదు. అన్నయ్యకి వచ్చింది నాకు రాకూడదని. ఇన్నేళ్ళూ ప్రతి తెల్లవారుజామునా బూట్ల లేసు కట్టుకున్నప్పుడల్లా మీరు ఆ చావుకి ఎదురు నిలబడ్డారు. దాన్ని నేను తక్కువ చేయను. ఒక దుఃఖాన్ని ఇంత క్రమశిక్షణగా మార్చుకోవడం చాలామంది వల్ల కాదు.

ఇప్పుడు అదే గుండె, అదే పరుగులో తడబడింది. దాన్ని పైకి చెప్పడమంటే ఇన్నేళ్ళ కవచానికి చిల్లు పడిందని ఒప్పుకోవడం. అందుకే నోరు రాలేదు. నాకు అనిపించింది ఇదీ. తప్పయితే రాయండి, దిద్దుకుంటాను.

ఆ కవచం గురించి ఒక నిజం చెప్పాలి, కాస్త కష్టంగా ఉంటుంది. 1970లలో అమెరికాలో జాగింగ్‌ను జనంలోకి తీసుకెళ్ళినవారిలో జిమ్‌ ఫిక్స్‌ ఒకరు. ఆయన తండ్రికి 35 ఏళ్ళకే గుండెపోటు వచ్చింది, 43 ఏళ్ళకి పోయారు. ఫిక్స్‌ తన 35వ ఏట పరుగు మొదలుపెట్టారు, సిగరెట్‌ మానేశారు, బాగా బరువు తగ్గారు. 1984లో, 52 ఏళ్ళ వయసులో, పరుగుకి వెళ్ళి రోడ్డు మీదే కుప్పకూలి చనిపోయారు. శవపరీక్షలో గుండె రక్తనాళాలు బాగా మూసుకుపోయి ఉన్నాయని తేలింది. పరుగు ఆయన్ని చంపిందని నేను అనను. పరుగు వల్లే తండ్రి కన్నా తొమ్మిదేళ్ళు ఎక్కువ బతికారని నమ్మే వైద్యులున్నారు. కానీ వంశంలో ఉన్నదాన్ని పరుగు పూర్తిగా తుడిచేయలేదు. అది పరీక్షలకు బదులు కాదు. మీకు కూడా పరుగు చాలా ఇచ్చింది. అన్నయ్య చూడని 22 ఏళ్ళు మీరు చూశారు. అంతమాత్రాన డాక్టర్‌ చేయాల్సిన పని కూడా పరుగే చేయాలంటే ఎలా?

మీ ఆవిడ విషయానికొస్తాను. చప్పుడు కాకుండా గడియ తీస్తాను, ఎవరి నిద్రా చెడదు అని రాశారు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. పరుగుకో, రాత్రి డ్యూటీకో వెళ్ళే మగవాళ్ళ భార్యలు నా దగ్గర కూర్చుని చెప్పిన మాటలు చాలా విన్నాను. గడియ ఎంత మెల్లగా తీసినా వాళ్ళకి తెలుస్తుంది. కళ్ళు మూసుకునే ఉంటారు. మళ్ళీ అదే గడియ పడిన చప్పుడు వినబడేదాకా నిద్ర పట్టదు. మామూలు రోజు గంటన్నర, లాంగ్‌ రన్‌ రోజు నాలుగు గంటలు. బావగారు 46 ఏళ్ళకే పోవడం.. అంత దగ్గరి మనిషి పోవడం ఆవిడ కూడా చూశారు. ఆ ఇంట్లో తోటికోడలు ఒంటరిదవడం చూశారు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆవిణ్ణి ‘నేను వెళ్ళాక నీకు ఎలా ఉంటుంది’ అని అడిగారా? ఆవిడ ముభావం మీకు కోపంలా కనిపిస్తోంది. నాకు భయంలా కనిపిస్తోంది.

పైగా ఆవిడకి తెలియకుండా మీరు ఒక రహస్యం మోస్తున్నారు. ఇన్నాళ్ళూ ఇంట్లో మీ పరుగుకి ఉన్న బలం ఒక్కటే, మీరు అన్నీ పద్ధతిగా చేస్తారన్న నమ్మకం. రేపు ఈ సంగతి ఇంకెవరి ద్వారానో, ఇంకే పరిస్థితిలోనో తెలిస్తే ఆ నమ్మకం పోతుంది. అప్పుడు డాక్టర్‌ ‘పరిగెత్తొచ్చు’ అని రాసిచ్చినా ఆవిడ నమ్మరు. పరుగుని కాపాడుకోవాలని మీరు దాచినదే మీ పరుగుని మింగేస్తుంది.

కాబట్టి ఈ రాత్రే చెప్పండి. అమ్మాయికి తర్వాత, ముందు ఆవిడకి. ఉపోద్ఘాతం వద్దు, విట్‌లాక్‌ వద్దు. ‘నీకు చెప్పకుండా ఒక విషయం దాచాను. రెండుసార్లు పరుగులో గుండె దడగా అనిపించింది. భయపడ్డాను. డాక్టర్‌ దగ్గరికి వెళ్తున్నాను, నువ్వూ రా.’ ఇంతే. ఆవిడ ఏడవచ్చు, అరవచ్చు, ‘నేను చెబుతూనే ఉన్నా’ అనొచ్చు. అననివ్వండి. ఆ పూట వాదించకండి. డాక్టర్‌ గదిలోకి ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళండి, ఆవిడ ప్రశ్నలు ఆవిణ్ణే అడగనివ్వండి. బయట కూర్చోబెట్టి, మీరొక్కరే లోపలికెళ్ళి, వచ్చి సగం చెప్పడం మాత్రం చేయకండి.

మీ ఆవిడ, అమ్మాయి ఇది చదివితే వాళ్ళకీ ఒక మాట. ‘ఈ వయసులో ఇవన్నీ ఎందుకు’ అన్న మాట దయచేసి మానేయండి. మోకాళ్ళు అరిగిపోతాయన్న బెదిరింపు కూడా. సరదాకి పరిగెత్తేవాళ్ళలో మోకాళ్ళ అరుగుదల, అసలు పరిగెత్తనివాళ్ళ కన్నా ఎక్కువేమీ లేదని పరిశోధనలు చెబుతున్నాయి. ఆయన్ని 68 ఏళ్ళ దాకా నిటారుగా నిలబెట్టింది ఆ పరుగే. మీకు భయంగా ఉంటే ‘భయంగా ఉంది’ అనే చెప్పండి. వయసు మాట తెచ్చారో, ఆయన మొండికేస్తారు.

మళ్ళీ మీతో. 3 గంటల 48 నిమిషాల నుంచి 5 గంటల 41 నిమిషాలకు రావడం మిమ్మల్ని లోపల కోస్తోందని తెలుస్తోంది. ఉత్తరంలో ఆ రెండు అంకెలూ నాలుగుసార్లు రాశారు. మీరు ఉదాహరణగా చూపిన విట్‌లాక్‌నే తీసుకోండి. 2004లో, 73 ఏళ్ళ వయసులో, 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లు. నిజంగా అద్భుతం. అదే మనిషి 2016లో, 85 ఏళ్ళప్పుడు, 3 గంటల 56 నిమిషాల 34 సెకన్లు తీసుకున్నారు. గంటకు పైగా తేడా. ఆయన అంతటివారికే కాళ్ళు నెమ్మదించాయి. మధ్యలో గాయాలతో నెలల తరబడి పరుగు ఆపేసిన రోజులు కూడా ఆయనకు ఉన్నాయి. ఆపడం కూడా పరుగువాళ్ళ జీవితంలో భాగమే. గుండె గరిష్ఠ వేగం ఏళ్ళతోపాటు తగ్గుతుంది, కండ కోలుకోవడానికి ఎక్కువ రోజులు తీసుకుంటుంది. మీరేదో తప్పు చేసినందుకు పడిన శిక్ష కాదది.

నాకు విట్‌లాక్‌ కన్నా జానీ కెల్లీ ఎక్కువ నచ్చుతారు. అమెరికాలోని బోస్టన్‌ మారథాన్‌ని ఆయన 1935లో, 1945లో గెలిచారు. మొత్తం 61 సార్లు ఆ పోటీలో బయల్దేరి, 58 సార్లు పూర్తి చేశారు. ఆఖరిది 1992లో, 84 ఏళ్ళప్పుడు. తర్వాత పూర్తి దూరం వదిలేశారు గానీ బోస్టన్‌ని వదల్లేదు, చివరి ఏడు మైళ్ళు, అంటే 11 కిలోమీటర్లు పరిగెత్తారు. ఆ పోటీ జరిగే దారిలో, న్యూటన్‌ దగ్గర, ఆయన విగ్రహం ఉంది. నిజానికి ఇద్దరు కెల్లీలు. 27 ఏళ్ళ కుర్రాడు, 84 ఏళ్ళ పెద్దాయన, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పరిగెడుతుంటారు. ఆ కుర్రాడు పెద్దాయన్ని చూసి సిగ్గుపడుతున్నట్టు ఉండదు. మీలో ఉన్న 3 గంటల 48 నిమిషాల మనిషి, ఇప్పటి మిమ్మల్ని అలా చెయ్యి పట్టుకోనిస్తున్నారా?

‘పరుగు లేకపోతే నేను లేను’ అన్నారు. పరుగు అన్నా, మారథాన్‌ దూరమైన 42.195 కిలోమీటర్లు అన్నా ఒకటే అన్నట్టు రాశారు. రెండూ ఒకటి కాదు. మీరు ప్రేమించేది చీకట్లో బయల్దేరి వెలుగులో ఇంటికి రావడాన్ని. పక్కన పరిగెత్తేవాళ్ళ ఊపిరి చప్పుడుని. 30 కిలోమీటర్లు దాటాక ఒంట్లో ఇంధనం అయిపోయి, కాళ్ళు రాళ్ళయి, అయినా ఇంకో అడుగు పడటాన్ని. ఇందులో చివరిది ఒక్కటే ఆ పెద్ద దూరం కావాలని అడుగుతుంది. మిగతావి 10 కిలోమీటర్లలోనూ దొరుకుతాయి. డాక్టర్‌ అంతవరకే ఒప్పుకుంటే అది మిమ్మల్ని బాధపెడుతుంది, బాధపడండి. ఇష్టమైన మనిషి దూరమైనంత బాధ అది, దాన్ని నవ్వుతూ దిగమింగాలని నేను చెప్పను. కొత్తగా పరుగులోకి వచ్చేవాళ్ళకి పక్కన నడిచే అనుభవజ్ఞుడు కావాలి, పోటీ రోజున దారిలో నిలబడి నీళ్ళందించే చెయ్యి కావాలి. ఇవి ఇప్పుడు మీకు ఓదార్పు కూడా కాకపోవచ్చు. ఆర్నెల్ల తర్వాత చూడండి.

మూడు నెలల్లో ఉన్న పోటీకి శిక్షణ మాత్రం ఇవాళ్టితో ఆపినట్టే అనుకోండి. డాక్టర్‌ అనుమతిచ్చినా, మధ్యలో వారాలు పోయాక ఆరు గంటల కటాఫ్‌ని (పోటీ ముగించాల్సిన గడువుని) తరుముతూ పరిగెత్తడం తెలివైన పని కాదు. 32 అన్న అంకె ఎక్కడికీ పోదు.

మీరు అడిగింది, వీళ్ళని ఎలా ఒప్పించాలి అని. ప్రస్తుతం ఒప్పించాల్సింది ఏమీ లేదు, చెప్పాల్సింది ఒకటుంది. అది చెప్పేయండి. రిపోర్టులు వచ్చాక, వాటిలో ఏమున్నా సరే, నాకు మళ్ళీ రాయండి. ఆ ఉత్తరంలో మీ ఆవిడ చేత కూడా నాలుగు వాక్యాలు రాయించండి. పరుగు సంగతి అప్పుడు ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం.