ఉత్త చేతులతో తిరిగొచ్చిన అల్లుడికి

ప్రియమైన అల్లుడికి,

నీ ఉత్తరం చదివాను. కొలరాడోకు ఎల్క్ అనే పెద్ద జాతి జింకల వేటకని వెళ్ళి, కాళ్ళు అరిగేలా కొండలెక్కి, ట్యాగ్ (ఒక జంతువును కొట్టడానికిచ్చే అనుమతి చీటీ) జేబులో ఉన్నది ఉన్నట్టే తిరిగొచ్చానని రాశావు. రైఫిల్ అమ్మేస్తే నయమేమో అని కూడా అన్నావు. తొందరపడకు.

ముందు ఒక లెక్క చూడు. కొలరాడోలో దాదాపు 2,80,000 ఎల్క్‌లు ఉంటాయి. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ అన్ని లేవు. అంత మంద ఉన్నచోట కూడా వేటకు వెళ్ళిన ఐదుగురిలో ఒకరికి దొరికితే అది మామూలు సంవత్సరమే. మిగతా నలుగురూ నీలాగే ఇంటికొస్తారు. కాకపోతే వాళ్ళు ఫొటోలు పెట్టరు. కొమ్ములు పట్టుకుని నవ్వుతున్న మనిషే నీకు ఫోన్‌లో కనిపిస్తాడు కాబట్టి, లోకమంతా కొట్టుకొచ్చింది, నేనొక్కణ్ణే మిగిలాను అనుకుంటున్నావు.

అసలు వేటలో అందరికంటే పేరున్న వైఫల్యం ఎవరిదో తెలుసా? అమెరికా అధ్యక్షుడిది. 1902 నవంబరులో థియొడోర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీకి ఎలుగుబంటి వేటకు వెళ్ళాడు. వెంట హోల్ట్ కాలియర్ లాంటి దిట్టమైన గైడ్, మంచి కుక్కలు. అయినా ఆయన గురికి ఒక్కటీ అందలేదు. చివరికి కుక్కలు ఒక ముసలి ఎలుగును చుట్టుముడితే, కాలియర్ దాన్ని కొట్టి చెట్టుకు కట్టేసి కబురు పంపాడు. కట్టేసిన జంతువును నేను కాల్చనని రూజ్‌వెల్ట్ తేల్చి చెప్పాడు. దానిమీద బెర్రీమన్ అనే ఆయన కార్టూన్ వేయడం, ఆ కార్టూన్ నుంచి టెడ్డీ బేర్ బొమ్మ పుట్టడం నీకు తెలిసే ఉంటుంది. చాలామంది చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. దెబ్బలు తిన్న ఆ ఎలుగును అలా వదిలేయలేక, బాధ లేకుండా చంపెయ్యమని ఆయనే చెప్పాడు, కత్తితో చంపారు. కథలో ముద్దుగా కనిపించే ముక్క ఒకటే మిగిలింది. ఏదైతేనేం, అధ్యక్షుడు ఉత్త చేతులతో వెళ్ళాడు. 1907లో లూసియానా అడవులకు మళ్ళీ అదే కాలియర్‌తో వెళ్ళాడు, అప్పుడు దొరికింది.

ఇక నీ సంగతి. నువ్వు "ఏమీ దొరకలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అది చాలదు. జంతువు అసలు కనపడలేదా? కనపడి పారిపోయిందా? నిలబడితే నువ్వే కాల్చలేకపోయావా? ఈ మూడూ వేరువేరు జబ్బులు, మందులూ వేరు. కనపడనివాడు కొత్త రైఫిల్ కొంటే ఉపయోగం లేదు, గురి తప్పినవాడు కొత్త కొండ వెతుక్కుంటే ఉపయోగం లేదు. అందుకని ఈ వారంలోనే కూర్చుని రోజువారీగా రాయి. ఎక్కడ కూర్చున్నావు, ఏ వేళ, గాలి ఎటు, ఏం చూశావు, ఏం విన్నావు. నెల గడిస్తే జ్ఞాపకం తనకు నచ్చినట్టు కథ అల్లేస్తుంది, అందులో తప్పంతా వాతావరణానిదే అవుతుంది.

నువ్వు రాసినదాన్నిబట్టి నీది ఎక్కువగా రెండో రకం. పొద్దున్నే పచ్చిక బయలు పక్కన మంద కనిపించింది, నువ్వు దగ్గరికి వెళ్తుండగా ఒక ఆడది తలెత్తింది, అంతే, అన్నీ చెట్లలోకి మాయం. చప్పుడు చేశానేమో అన్నావు. నాకు అనుమానం గాలిమీద. ఎల్క్ చప్పుడును కాస్త క్షమిస్తుంది. అవి నడిచేటప్పుడు అవే పుల్లలు విరుచుకుంటూ పోతాయి కదా. కదలికను కూడా ఒక్కోసారి నిలబడి చూస్తుంది. మనిషి వాసన తగిలిందంటే మాత్రం ఇక రెండో ఆలోచన ఉండదు.

కొండల్లో గాలికి ఒక దినచర్య ఉంటుంది. రాత్రి చల్లబడిన గాలి బరువుగా ఉండి, తెల్లవారుజామున వాలు వెంట లోయలోకి జారుతుంది. ఎండెక్కి నేల వేడెక్కగానే తిరగబడి పైకి లేస్తుంది. సాయంత్రం నీడ పడ్డాక మళ్ళీ కిందికి. అంటే పొద్దున్నే జంతువు కింద ఉండి నువ్వు పైనుంచి దిగుతుంటే, నీ వాసన నీకంటే ముందే చేరుతుంది. తిరగబడే వేళ ఇంకా ప్రమాదం, కాసేపు గాలి ఎటంటే అటు సుడులు తిరుగుతుంది. ఆ సమయంలో దగ్గరికి పోయే ప్రయత్నమే పెట్టుకోకు, దూరంగా కూర్చుని బైనాక్యులర్‌లో చూస్తూ ఉండు. ఒక చిన్న ప్లాస్టిక్ సీసాలో టాల్కం పౌడర్ పోసుకుని, అడుగడుగునా కాస్త చిమ్మి చూడు. నీ దగ్గరున్న సామానంతటిలో దానికే ఖర్చు తక్కువ, పని ఎక్కువ. వాసన రాకుండా చేస్తామని అమ్మే స్ప్రేలంటే నాకు పెద్ద నమ్మకం లేదు. గాలికి ఎదురుగా నడిచేవాడికి వాటి అవసరమే రాదు.

మధ్యాహ్నాలు క్యాంప్‌లో నిద్రపోయానని రాశావు. అలసిపోయావు, తప్పులేదు. కానీ ఎల్క్ కూడా ఆ వేళకే ఉత్తరం వైపు వాలుల్లో, చెట్లు దట్టంగా ఉన్నచోట పడుకుంటుంది. అక్కడికి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా వెళ్ళి జాడలు చూడొచ్చు. పేడ మెరుస్తూ మెత్తగా ఉంటే ఇప్పుడిప్పుడే వెళ్ళిందని. ఎండి పొడిబారి ఉంటే అది పాత సంగతి, దానిమీద ఒక పూట ఖర్చు పెట్టకు. ఒక్కోసారి పశువుల కొట్టం వాసన గుప్పుమంటుంది, మంద దగ్గర్లోనే ఉందన్నమాట, అప్పుడు అక్కడే ఆగిపో. ఇంకొకటి, సీజన్ మొదలై తుపాకులు మోగాక మందలు రోడ్లకు దూరంగానో, వేటకు అనుమతి లేని ప్రైవేటు భూముల్లోకో జరిగిపోతాయి. నెల ముందు చూసిన చోటే ఉంటాయని మొండిగా కూర్చోవద్దు. తాజా జాడ లేకపోతే లోయ మార్చు.

నాలుగో రోజు 400 గజాల దూరంలో మంచి మగది అడ్డంగా నిలబడితే కాల్చలేదని, ఇప్పుడు అదే గుర్తొచ్చి నిద్ర పట్టడం లేదని రాశావు. రేంజ్‌లో, అంటే తుపాకీ సాధన చేసే మైదానంలో, ఎప్పుడూ 200 గజాలు దాటి సాధన చేయలేదని నువ్వే చెప్పావు. మరి ఎలా కాలుస్తావు? ఆ ట్రిప్ మొత్తంలో నువ్వు చేసిన మంచి పని అదే. మగ ఎల్క్ 300 కిలోలు దాటే జంతువు. గుండె, ఊపిరితిత్తులు ఉన్నచోట తగలకపోతే అది మైళ్ళకొద్దీ పోయి, ఎక్కడో నీకు దొరకకుండా చస్తుంది. దాంతో పోలిస్తే నిద్ర పట్టకపోవడం పెద్ద విషయం కాదు.

ఎప్పుడైనా కాల్చాక తప్పిందనిపిస్తే అక్కడినుంచే తల తిప్పుకుని రావద్దు. అది నిలబడిన చోటును ఏదో ఒక చెట్టుతో గుర్తుపెట్టుకుని, వెళ్ళి నేల వెతకాలి. రక్తపు చుక్క, తెగిన వెంట్రుకలు, గిట్టలు బలంగా దిగబడిన గుర్తులు, ఏవైనా ఉన్నాయేమో చూడాలి. తగిలినా ఏమీ కానట్టు పరుగెత్తే జంతువులు చాలా ఉంటాయి. వెంటనే తరమకు, తరిమితే ఇంకా దూరం పోతుంది. అరగంటైనా ఆగు. కడుపులో తగిలిందని అనుమానం ఉంటే గంటలకొద్దీ ఆగాలి.

ఆఖరి రోజు సాయంత్రం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బుద్ధి దారి తప్పేది అప్పుడే. ఇంత ఖర్చయింది, ఇన్ని సెలవులు పోయాయి, ఇంట్లో ఏం చెప్పాలి అనే టెన్షన్ వేలిని ట్రిగ్గర్ మీదికి తోస్తుంది. కొలరాడోలో సూర్యాస్తమయం తర్వాత అరగంటతో వేట సమయం అయిపోతుంది. ఆ గీత దాటాక జంతువు ఎదురొచ్చి నిలబడినా తుపాకీ దించాల్సిందే. స్నేహితుడి ట్యాగ్ మిగిలింది కదా అని అతని బదులు కాల్చడం కూడా అంతే, నేరం. వెళ్ళే ముందే ఇంట్లో కూర్చుని, ఎంత దూరం దాటితే కాల్చకూడదో ఒక కాగితం మీద రాసుకో. అక్కడికెళ్ళాక ఆ అంకె మార్చడానికి వీల్లేదు.

వచ్చేసారి గైడ్‌ను పెట్టుకుంటానన్నావు. మంచిదే. కానీ "తప్పకుండా దొరుకుతుంది" అని హామీ ఇచ్చేవాడి దగ్గర ఆగి ఆలోచించు. కంచె లేని అడవిలో అలాంటి మాట ఎవరూ ఇవ్వలేరు. 1887లో రూజ్‌వెల్ట్ మొదలుపెట్టిన వేటగాళ్ళ సంఘం బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ ఇప్పటికీ, తప్పించుకోలేని కంచెల మధ్య కొట్టినవాటిని తన రికార్డుల్లోకి తీసుకోదు. కిందటేడు దొరకనివాళ్ళతో ఫోన్‌లో మాట్లాడించమని గైడ్‌ను అడుగు. మంచి గైడ్ అయితే వెనకాడడు.

ఇంట్లోవాళ్ళ వేళాకోళానికి పెద్దగా జవాబులు వెతుక్కోనక్కర్లేదు. దొరకలేదు అంటే సరిపోతుంది. తప్పించుకున్న మగదాని కొమ్ములు మాత్రం చెప్పినప్పుడల్లా పెంచకు. డబ్బు దండగ అన్నవాళ్ళకు కావాలంటే ఇది చెప్పు. 1937 నాటి పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్ళ మీద, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది. నీ లైసెన్సు డబ్బూ ఆ రాష్ట్రపు వన్యప్రాణి శాఖకే చేరింది. ఎల్క్‌కు నీవల్ల కాస్త మేలే జరిగింది.

ఇక చేయాల్సిన పని. ప్రయాణంలో రైఫిల్ మీది స్కోప్ (గురి చూసే దుర్భిణి) కదిలి ఉండొచ్చు, ముందు రేంజ్‌కెళ్ళి గురి సరిచూడు. బల్లమీద ఆనించి కాల్చడం చాలించి, కూర్చుని, మోకాలిమీద, వీపుసంచిమీద ఆనించి కాల్చడం నేర్చుకో. కాస్త పరుగెత్తి, గుండె దడదడలాడుతుండగా కాల్చి చూడు, కొండమీద ఉండేది ఆ గుండే. వీపున బరువు పెట్టుకుని మెట్లెక్కు. ఏ యూనిట్‌లో, అంటే వేటకోసం విడదీసిన ఏ ప్రాంతంలో, ఎందరు వెళ్ళారో, ఎందరికి దొరికిందో వన్యప్రాణి శాఖ ఏటా లెక్కలు వేస్తుంది, అవి తీసి చదువు. ట్యాగ్‌ల కోసం తీసే లాటరీ దరఖాస్తుల గడువు ఏప్రిల్ మొదట్లోనే ముగుస్తుంది. మార్చిలో ఒక ఆదివారం, నువ్వు రాసుకున్న కాగితాలు, ఆ కొండల మ్యాప్ ముందు పెట్టుకుని నాకు ఫోన్ చెయ్యి. నీ మంద ఏ వాలు మీద ఉందో, గాలి ఎటునుంచి వీచిందో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామయ్య