వర్గ సమీకరణం నుంచి పరావలయం శీర్షాన్ని ఎలా కనుక్కోవాలి?

వై = ఏఎక్స్² + బిఎక్స్ + సి అనే పరావలయానికి శీర్షం దగ్గర, అంటే వక్రం మలుపు తిరిగే చోట, ఎక్స్ = −బి/2ఏ; ఆ విలువను తిరిగి సమీకరణంలో పెడితే వై వచ్చేస్తుంది.

ఈ సూత్రాన్ని బట్టీ పట్టనక్కర్లేదు. సి అనేది వక్రాన్ని పైకో కిందికో జరుపుతుందే తప్ప పక్కకు కదపదు. కాబట్టి దాన్ని కాసేపు తీసేయండి. మిగిలింది ఎక్స్(ఏఎక్స్ + బి). ఇది సున్నా అయ్యేది రెండు చోట్ల: ఎక్స్ = 0, ఎక్స్ = −బి/ఏ. పరావలయం అద్దంలో బొమ్మలా రెండు వైపులా సమానం కాబట్టి, శీర్షం ఆ రెండింటికీ సరిగ్గా నడుమ, −బి/2ఏ దగ్గర ఉంటుంది. అసలు సమీకరణానికి వాస్తవ మూలాలు లేకపోయినా, అంటే వక్రం ఎక్స్-అక్షాన్ని ఎక్కడా తాకకపోయినా, ఇది పనిచేస్తుంది, అదే దీని అందం.

వై = 2ఎక్స్² − 12ఎక్స్ + 7 తీసుకోండి. ఎక్స్ = 12/4 = 3. వై = 18 − 36 + 7 = −11. శీర్షం (3, −11). సరిచూడాలంటే ఎక్స్‌కి 2, 4 పెట్టండి: రెండింటికీ −9 వస్తుంది.

చాలామంది సి విలువనే, అంటే ఇక్కడి 7నే, శీర్షం ఎత్తు అనుకుంటారు. అది వక్రం వై-అక్షాన్ని తాకే చోటు మాత్రమే. బి సున్నా అయితేనే రెండూ ఒకటి.