ఆరు వందల ప్రాబ్లమ్స్ చేయకపోతే ఉద్యోగం రాదా?

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె, పొగాకు వ్యవసాయం. మా అమ్మాయి రోజూ కాలేజీ బస్సులో ఒంగోలు వెళ్ళి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతోంది. బ్యాక్‌లాగ్స్ లేవు. పెద్ద కంపెనీల కోడింగ్ ఇంటర్వ్యూ గట్టెక్కాలంటే కోచింగ్ తప్పదని హైదరాబాద్ సంస్థ ఒకటి ఫోన్ చేస్తోంది. ఆరు నెలల కోర్సు, ఫీజు లక్షా అరవై వేలు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. ఆదివారంలోగా కట్టాలట. మా తోడల్లుడి కొడుకు ఆరు వందల కోడింగ్ ప్రాబ్లమ్స్ చేసి బెంగళూరులో మంచి ప్యాకేజ్ కొట్టాడు. మా అమ్మాయి ఎనభై కూడా దాటలేదు. అడిగితే మాట్లాడదు, గది తలుపు వేసుకుంటుంది. పొగాకు క్యూరింగ్ చేసే బ్యారన్ ఒకటి కౌలుకిచ్చి ఫీజు కట్టమంటారా, ఇంట్లోనే చదువుకోనివ్వమంటారా?

జవాబు: కోర్సుకీ ఇంటి చదువుకీ తేడా చెబుతాను. కానీ మీ ప్రశ్న చదువుతుంటే నా కన్ను ఆగింది ఫీజు దగ్గర కాదండీ, ‘అడిగితే మాట్లాడదు’ అన్న దగ్గర. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఇదే అడుగుతారు. సంస్థ పేరూ చుట్టం పేరూ మారతాయి, అంతే. పైకి కోర్సు గురించే అడుగుతారు గానీ లోపలున్న భయం వేరు. ఇంత ఖర్చుపెట్టి చదివించాం, పిల్ల వెనకబడిపోతే ఎలా అని. ఆ భయం తప్పు కాదు. దాన్ని తెచ్చి అమ్మాయి నెత్తిన పెట్టడమే తప్పు.

ముందు ఆ ఆరు వందల సంగతి చూద్దాం. పిల్లలు కోడింగ్ ప్రాక్టీస్ చేసే లీట్‌కోడ్ వెబ్‌సైట్‌లో మూడు వేలకు పైగా ప్రాబ్లమ్స్ ఉన్నాయి. వాటిలో మొట్టమొదటిది మీ భాషలో చెబుతాను. పదివేల పొగాకు బేళ్ళ బరువుల పట్టీ మీ చేతిలో ఉందనుకోండి. ఏ రెండు బేళ్ళు కలిపితే సరిగ్గా 240 కిలోలు అవుతాయో కనుక్కోవాలి. ఒక్కో బేలునూ మిగతా అన్నిటితో జతకట్టి చూస్తే దాదాపు 5 కోట్ల జతలు చూడాలి. అలా కాకుండా, చూసిన బరువునల్లా ఒక పుస్తకంలో రాసుకుంటూ పోతే? 110 కిలోల బేలు వచ్చింది, దీనికి జత 130 కావాలి, అది పుస్తకంలో ఉందా లేదా, అంతే చూడాల్సింది. పట్టీ ఒక్కసారి చదివేసరికి పని అయిపోతుంది. ఆ పుస్తకాన్నే మీ అమ్మాయి పైథాన్ అనే కోడింగ్ భాషలో డిక్షనరీ అంటుంది.

ఇంటర్వ్యూలో అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది. ‘బరువులు చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరుసలో ఉంటే? పుస్తకం లేకుండా చెయ్యి’ అంటారు. ఒక వేలు పట్టీ మొదట్లో, ఇంకో వేలు చివర్లో పెట్టాలి. రెండూ కలిపితే తక్కువైందా, మొదటి వేలు కిందికి జరపాలి. ఎక్కువైందా, చివరి వేలు పైకి జరపాలి. ఇంత సులువు. పొదిలి వైపు అబ్బాయి ఒకడు నాలుగు వందలకు పైగా ప్రాబ్లమ్స్ చేసి ఇంటర్వ్యూకి వెళ్ళాడు. మొదటి జవాబు రెండు నిమిషాల్లో రాసేశాడు. షరతు మార్చగానే నోరు పెగల్లేదు. ‘సార్, అది నా లిస్టులో లేదు’ అన్నాడు నాతో. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. బాగా కష్టపడే పిల్లాడండీ. కష్టమంతా జవాబులు గుర్తుపెట్టుకోవడానికే పోయింది.

అందుకే ఈ అంకెల పోటీ అంటే నాకు అనుమానం. రోజుకి ఇన్ని చేశామని స్టేటస్‌లు పెట్టుకోవడం పిల్లలకు మోజైపోయింది. కాసేపు ఆలోచించడం, తట్టకపోతే సొల్యూషన్ వీడియో చూడటం, చూసింది టైప్ చేయడం, పచ్చ టిక్కు పడగానే ఇంకోదానికి వెళ్ళడం. రెండు నెలల తర్వాత అదే ప్రాబ్లమ్ ఇస్తే రాయలేరు. పైగా ఇప్పుడు అలాంటి జవాబుని ఏఐ క్షణాల్లో రాసిపెడుతోంది. ఎలా ఆలోచించావు, ఇంకో దారి ఎందుకు వదిలేశావు అని కంపెనీ అడిగేది అందుకే. మీ అమ్మాయి నూట యాభై చేసి, ఒక్కోదాన్ని రెండు మూడు దారుల్లో చేసి చూపించి, ఏది ఎందుకు మేలో చెప్పగలిగితే నాకు చాలు. ఇప్పటి ఎనభైలో ఎన్నిటిని అలా చెప్పగలదో అడిగారా ఎప్పుడైనా?

ఇక గ్యారంటీ. ఉద్యోగం ఇచ్చేది కంపెనీ. కోర్సు అమ్మేవాళ్ళు దానికి గ్యారంటీ ఎలా ఇస్తారు? పిల్లలు నా దగ్గరికి తెచ్చిన అగ్రిమెంట్లు చదివాను. హాజరు ఒక్క శాతం తగ్గినా గ్యారంటీ పోతుందని ఒకదాంట్లో ఉంది. ఏ ఊళ్ళో ఎంత జీతానికి వచ్చిన ఉద్యోగమైనా వద్దనకూడదని ఇంకోదాంట్లో ఉంది. నెలనెలా కట్టండి అన్నచోట ఆ డబ్బు చాలాసార్లు ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. పిల్ల మధ్యలో కోర్సు మానేసినా వాయిదా ఆగదు.

మరి కోర్సులో ఏమీ లేదా అంటే, ఉంది. టైం ప్రకారం కూర్చోబెడతారు, డౌట్లు తీరుస్తారు, మాక్ ఇంటర్వ్యూలు పెడతారు. పాఠం మాత్రం ఉచితంగానే దొరుకుతుంది. ఐఐటీలు కలిసి నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ పైథాన్‌లో డేటా స్ట్రక్చర్స్, ఆల్గారిథమ్స్ ఓపిగ్గా చెప్పారు. మాక్ ఇంటర్వ్యూకి క్లాసులో ఒక స్నేహితురాలు చాలు. వారానికి రెండుసార్లు, 45 నిమిషాలు, కోడ్ రన్ చేయకుండా నోట్‌బుక్‌లో రాస్తూ పైకి చెప్పాలి. తర్వాత సీట్లు మార్చుకోవాలి. నా మాట అడిగితే ఈ కోర్సు వద్దు.

ఇప్పుడు మీతో కాస్త గట్టిగా మాట్లాడాలి. తోడల్లుడి కొడుకు పేరు ఈ నెలలో ఇంట్లో ఎన్నిసార్లు ఎత్తారు? ఆ అబ్బాయి మంచి పిల్లాడే కావచ్చు, కానీ అతని పేరు వినిపించినప్పుడల్లా మీ అమ్మాయి ఇంకో గొళ్ళెం వేసుకుంటోంది. కోడింగ్ ఇంటర్వ్యూ అంటే ముక్కూ మొహం తెలియని మనిషి ముందు తడబడుతూ, తప్పు చెప్పి దిద్దుకుంటూ పైకి ఆలోచించడం. తప్పు చెబితే పోలిక పెడతారని ఇంట్లోనే నోరు కట్టేసుకున్న పిల్ల అక్కడెలా మాట్లాడుతుంది? లక్షా అరవై వేలు తీసుకున్నవాళ్ళు కూడా దీన్ని బాగుచేయలేరు. మీరు చేయగలరు.

ఇంగ్లిష్ గురించి కూడా టెన్షన్ పడుతుండొచ్చు. ముందు తెలుగులోనే చెప్పనివ్వండి. తెలుగులో తేటగా చెప్పగలిగిన దాన్ని చిన్న చిన్న ఇంగ్లిష్ మాటల్లోకి మార్చుకోవడానికి రెండు నెలలు పట్టదు. ఒక్కసారి పోతే అంతా పోయినట్టు కూడా కాదు, చాలా కంపెనీలు ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ ప్రయత్నించనిస్తాయి. ఉద్యోగాలకి టీసీఎస్ పెట్టే ఎన్‌క్యూటీ లాంటి పరీక్షలోనూ నింజా, డిజిటల్, ప్రైమ్ అని స్థాయిలున్నాయి. కోడింగ్ బాగా వస్తే పై స్థాయికి పిలుపొస్తుంది. బ్యాక్‌లాగ్ లేకుండా మూడో సంవత్సరం దాకా వచ్చిన పిల్ల, చేతిలో ఇంకా ఏడాది ఉంది. వెనకబడిందని ఎవరన్నారు?

బ్యారన్ కౌలుకివ్వకండి. ఆ సంస్థవాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తే అగ్రిమెంట్ కాగితం ముందు పంపమనండి. ఆదివారం పొద్దుగూకాక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని బేళ్ళ లెక్క మీరే అడగండి. జవాబు మీకు తెలుసని చెప్పకండి. తను చెబుతున్నంతసేపూ మధ్యలో మాట్లాడకుండా వినండి.